తాకితే తానే చెయ్యెత్తేవాడు

చెడుగుడులో ఒక చిక్కు ఉంది. కూతకు వచ్చినవాడి వేలు ఒంటికి తగిలిందో లేదో అందరికన్నా ముందు తెలిసేది తగిలించుకున్నవాడికే. దుమ్ము లేచిందంటే ఈల పట్టుకున్న రిఫరీకి కూడా కనిపించదు. అలాంటప్పుడు తనంతట తానే చెయ్యెత్తి "తాకింది సార్" అని బయటికి నడిచే ఆటగాడొకడు మా ఊళ్ళో ఉండేవాడు. కిందటి వానాకాలంలో పొలం దగ్గర మోటారు వేయబోయి, తడిసిన స్టార్టరు పెట్టె ముట్టుకుని కరెంటు షాకుతో చనిపోయాడు.

ఈ విలేకరి ఆరో తరగతి నుంచి పది దాకా అతనితో ఒకే బెంచీ మీద కూర్చున్నాడు. చదువు అంతంతమాత్రమే. బరిలో దిగితే మాత్రం వేరే మనిషి. ఎదుట ఏడుగురూ నిలబడి ఉన్నా బోనస్ గీత తొక్కి నవ్వుతూ వెనక్కి వచ్చేవాడు. ఓడిన జట్టు పిల్లల భుజాల మీద చేతులు వేసి సోడా తాగించేవాడు.

ఒంగోలు ఆట

పదో తరగతిలో ఉండగా ఒంగోలులో జిల్లా పోటీల ఫైనలు దాకా వెళ్ళాం. ఆఖరి కూత. పాయింట్లు సమానం. అవతలి కుర్రాడి వేలు మనవాడి మోకాలికి రాసుకుని పోయింది. ఎవరూ చూడలేదు. రిఫరీ ఈల నోట్లో పెట్టుకునేలోగా మనవాడు చెయ్యెత్తాడు. ఒక్క పాయింటుతో ఓడిపోయాం.

తిరుగు బస్సులో అతనితో ఎవరూ మాట్లాడలేదు. ఈ విలేకరీ మాట్లాడలేదు. డ్రిల్లు మాస్టారు ఒక్కరే పిలిచి పక్కన కూర్చోబెట్టుకున్నారు.

వంతు నీళ్ళకు సాక్షి

పది తర్వాత అతను చదువు మానేశాడు. తండ్రికి జబ్బు చేయడంతో రెండెకరాల సేద్యం మీద పడింది. అయినా సాయంత్రమయ్యేసరికి బడి ఆవరణలో పిల్లలకు ఆట నేర్పేవాడు. ఆడపిల్లలనూ ఆడించేవాడు. చెరువు తూము దగ్గర నీళ్ళ వంతు తగాదా వస్తే ఇరుపక్షాలూ అతనికే కబురు పెట్టేవి. "తనకు నష్టమని తెలిసీ నిజం చెప్పినవాడు, మనకోసం అబద్ధమాడతాడా?" అనేవారు పెద్దలు. ఒంగోలులో పోయిన పాయింటు ఎక్కడికి చేరిందో మాకు అప్పటికి గాని తెలియలేదు.

ఆసియా క్రీడల్లో 1990లో కబడ్డీని పతకాల ఆటగా చేర్చింది మొదలు 2014 దాకా పురుషుల బంగారు పతకం ప్రతిసారీ మనదే. 2018లో జకార్తా సెమీ ఫైనల్లో ఇరాన్ మనవాళ్ళను 27–18తో ఓడించింది. ఆ రోజు టీవీ ముందు కుర్రాళ్ళు తిట్లకు లంకించుకుంటే అతను ఊరుకోలేదు. "వాళ్ళు బాగా పట్టారు, చప్పట్లు కొట్టండ్రా" అన్నాడు.

రాయి వద్దన్న తల్లి

అతను పోయాక పాత విద్యార్థులం చందాలు వేసుకున్నాం. బడి గేటు పక్కన పేరు చెక్కిన రాయి నిలబెడదామని వాళ్ళమ్మ దగ్గరికి వెళ్ళాం. ఆమె కాసేపు ఏమీ అనలేదు. తర్వాత, "రాయెందుకు నాయనా? వాడు ఆడినచోట గులకరాళ్ళు తేలి పిల్లల మోకాళ్ళు చెక్కుకుపోతున్నాయి. ఆ డబ్బుతో అక్కడ మట్టి పోయించండి" అంది.

అలాగే చేశాం. ఎర్రమట్టి తోలించి, జల్లించి, నీళ్ళు చల్లి రోలరుతో అణగదొక్కించాం. 13 మీటర్ల పొడవు, 10 మీటర్ల వెడల్పు కొలిచి సున్నం గీతలు గీశాం. మట్టి జల్లించిన రెండు రోజులూ ఆమె చెట్టు కింద కూర్చుని, జల్లెడలో మిగిలిన రాళ్ళు తట్టలోకి ఎత్తింది.

రైతు సోదరులకు ఒక మనవి. వానలో మోటారు దగ్గరికి వెళ్ళేముందు ఎర్తు వైరు సరిగా ఉందో లేదో మెకానిక్కుతో చూపించుకోండి. తడిచేత్తో స్టార్టరు ముట్టవద్దు.

వచ్చే సంక్రాంతికి ఆ బరిలోనే పోటీలు. ప్రవేశ రుసుము లేదు. తాకితే ఎవరికి వారే చెప్పాలన్నది ఒక్కటే షరతు.