ఱాతిలో చిక్కిన నూనె

కుంకుడురసముతో తలంటినపుడు నూనె యెట్లు వదలునో మన యిండ్లలో నెల్లరకు తెలిసినదే. ఈ రసమునందు సాపోనిను అను పదార్థము కలదు. దాని అణువునకు ఒక కొన నీటిని, వేఱొక కొన నూనెను ఆశ్రయించును. ఇట్టివానికి సర్ఫాక్టెంటులని పేరు. సబ్బును ఈ జాతిదే.

భూగర్భమున నూనె చెఱువువలె నిలిచియుండునని పెక్కురు తలంతురు. అట్లు కాదు. నాగావళి యిసుకను కుండనిండ నింపి నువ్వులనూనెతో తడిపినచో నెట్లుండునో, ఇసుకఱాతి రంధ్రములలో నది యట్లే యిమిడి యుండును. ఆ కుండలో నీరు పోసి చూతము. నీరు తనకు సులువైన దారిని పోవును. నూనెలో చాలభాగము రేణువుల నడుమనే నిలుచును. మన జిల్లాలకు దక్షిణముగా, గోదావరి డెల్టాకెదుట సముద్రమున 1987లో కనుగొనబడి 1993లో ఉత్పత్తి యారంభించిన రవ్వ క్షేత్రమునందును నీటితోనే నూనెను త్రోసిరి. ఇట్లు చేసినను లోకమున పెక్కు క్షేత్రములలో సగమునకు మించిన నూనె ఱాతియందే మిగులుచున్నది. ముడినూనెలో నూటికి 80 పాళ్లకు మించి పరదేశములనుండి కొనుచున్న మన దేశమునకు ఇది స్వల్పవిషయము కాదు.

ఆ చిక్కు వదలవలెనన్న నూనెకును నీటికిని నడుమనున్న తన్యత సుమారు పదివేలవ వంతునకు తగ్గవలెను. తగిన సర్ఫాక్టెంటును, కొంచెము ఆల్కహాలును, ఉప్పును పాళముగా చేర్చినచో ఆ రెండును చిలుకకయే కలిసి తేటగా నిలుచును. హోర్, షుల్మన్ అను శాస్త్రజ్ఞులు 1943లో నిట్టి ద్రవమును వర్ణించిరి. మైక్రోఎమల్షన్ అను పేరు 1959లో వచ్చినది. చిలికిన ఎమల్షను పాలవలె తెల్లనై, కొంతసేపటికి విడిపోవును. దీని బిందువులో వెలుగుతరంగముకంటె మిక్కిలి చిన్నవి. కావున తేటగా కనబడును, ఱాతి యిఱుకుదారులలోను దూరిపోవును.

అయినను అసలు కష్టము ప్రవాహమునందే కలదని మా తలంపు. బెల్లపుపాకమును నీటితో త్రోసినచో నీరు పాయలుగా చీల్చుకొని ముందునకు పోవునే గాని పాకమును కదలింపదు. కావున త్రోయు ద్రవము నూనెకంటె పలుచనగా నుండరాదు. మిక్కిలి చిక్కనైనచో ఱాతిలో నదియే నిలిచిపోవును. ఈ చిక్కదనమైనను స్థిరము కాదు. నూనెలో నీటిబిందువులు పెరిగినకొలది అవి క్రిక్కిఱిసి ద్రవము చిక్కబడును. మఱింత నీరు చేరగా నూనెయు నీరును స్పంజిలోని దారులవలె పెనగొనును. పిమ్మట నూనెయే బిందువులై, నీరు హెచ్చినకొలది మరల పలుచనగును. దారిపొడవున ఱాతిలోని ఉప్పునీరు కలియుచునే యుండును గదా! గాజుపాత్రలో చక్కగా పారినది భూమిలో జిగురుగా మారుటయు కలదు. అందుచేతనే ఆల్కహాలు చేర్తురు. వెనుకనుండి త్రోయుటకు పాలిమరుతో చిక్కబఱచిన నీటిని పంపుదురు.

కుంకుడురసమును సయితము ప్రయోగశాలలలో ఈ పనికై పరీక్షించిరి. కాని ఏ సర్ఫాక్టెంటునైనను ఱాతిలోని బంకమన్ను కొంత పీల్చుకొనును. ఆ నష్టమును భరించుటకు నూనె వెల చాలినప్పుడే ఈ పద్ధతిని చేపట్టుదురు.