పాతకారును కొనుటకు ముందు

నెల్లూరినుండి ముత్తుకూరు మీదుగా కృష్ణపట్నము పోవువారికి త్రోవ ప్రక్కన రొయ్యలగుంటలు కానవచ్చును. ఉప్పుగాలి ముఖమునకు తగులును. 2008వ సంవత్సరమున క్రొత్తరేవు ప్రారంభమైనది మొదలు ఆ త్రోవ బరువులారీలతో నిండిపోయినది. బిడ్డల చదువునకును, ఆసుపత్రికిని, పెండ్లి పేరంటములకును నెల్లూరు పోవలసిన కుటుంబములు స్కూటరు విడిచి చిన్నకారు నాశ్రయించుచున్నవి. క్రొత్తకారునకు చేతిలో డబ్బు చాలదు. కావున పాతదానిని వెదకుదురు. బేరము సాధారణముగా మగవారే కుదుర్తురు. కాని ఒడిలో పసిబిడ్డ నుంచుకొని అందు కూర్చుండునది గృహిణి. నేడు తానే నడపుకొనువారును పెక్కుమంది కలరు. కనుక ఆ బండి మంచిచెడ్డలు తెలిసికొనుట ఆమెకును అవసరమే యని మా యభిప్రాయము.

చిన్నకారు మన దేశమున మధ్యతరగతి యిల్లు చేరి నలుబది యేండ్లు దాటినది. 1983 డిసెంబరు 14వ తేదీన మొదటి మారుతి 800 బండిని ఢిల్లీలో కొనుగోలుదారున కప్పగించిరి. దాని యింజను 796 సి.సి. మాత్రమే. 2014 జనవరిలో దాని తయారీ నిలిచినది. ఆ బండ్లును, వాని తరువాత వచ్చిన చిన్నకార్లును చేతులు మాఱుచు, పెక్కిండ్ల సేవ చేసినవి. పాతదైనంతమాత్రమున కారు చెడ్డది కాదు. పోషణ లేనిదే చెడ్డది.

అయితే పోషణ జరిగినదో లేదో చెప్పువా రెవరు? ఇంగ్లండులో 1960లోనే పాతకార్లకు ప్రభుత్వపరీక్ష ఏర్పడినది. మొదట పదియేండ్లు నిండిన బండ్లకు మాత్రమే యుండెను; 1967నుండి మూడేండ్లు నిండిన ప్రతి కారును ఏటేట బ్రేకులు, స్టీరింగు, దీపములు పరీక్షింపించుకొనవలసినదే. బండి నంబరు తెలిసిన యెవరైనను దాని పాతపరీక్షల ఫలితములను చూడవచ్చును. జర్మనీలో నైతే ఏ రకపు కారు ఎన్నేండ్లకు ఏ లోపముతో తప్పుచున్నదో ఏటేట లెక్కకట్టి ప్రకటింతురు. కొనువారు ఆ పట్టిక చూచి బేరమునకు పోవుదురు.

మన చట్టము వేఱు. టాక్సీలకు, లారీలకు మొదటి యెనిమిదేండ్లవఱకు రెండేండ్ల కొకమారును, పిమ్మట ఏటేటను యోగ్యతాపత్రము కావలెను. సొంతకారు రిజిస్ట్రేషను మాత్రము పదునైదేండ్లు చెల్లును. ఆ గడువు తీఱిన పిదపనే బండిని చూపించి, అయిదేసి యేండ్లకు పొడిగించుకొనవలెను. ఈ నడుమ కావలసినది పొగపరీక్ష పత్రమొక్కటే; అది పొగను చూచునుగాని బ్రేకును ముట్టదు. కావున అమ్మువారు ‘కాగితములన్నియు సక్రమముగా నున్న’వనిన, కాగితములే సక్రమముగా నున్నవని గ్రహింపవలెను. పదియేండ్ల కారునకు పరీక్షాధికారి కొనువారే.

కృష్ణపట్నము వంటి సముద్రతీరమున మొట్టమొదట చూడవలసినది త్రుప్పు. ఉప్పు గాలిలోని తేమను లాగికొని ఇనుముపై నిలుపును. ఆ ఉప్పునీటివలన త్రుప్పు వేగముగా ప్రాకును. అది కంటి కగపడు రంగుమీద కాక, చక్రముల పైకప్పులలో, తలుపుల క్రింది యంచున, కాళ్ల క్రింది రేకులో, జాకీ పెట్టు చోట మొదలిడును. మేమెఱిగిన యొక కుటుంబమువారు అద్దమువలె మెఱయు కారును చూచి మోజుపడిరి. బయానా ఇచ్చుటకు ముందు ఆ యింటి కోడలు మనకు తెలిసిన మెకానిక్కునకు చూపవలసినదే యని పట్టుపట్టెను. అతడు బండిని పైకెత్తించి తలుపుక్రింది యంచును స్క్రూడ్రైవరుతో తట్టగా రేకు అప్పడమువలె విఱిగి రాలినది. లోన త్రుప్పు, దానిపై పుట్టీ, పుట్టీపై క్రొత్తరంగు! బేరము నిలిచినది. మెకానిక్కున కిచ్చిన కూలి వారికి దండుగ కాలేదు. పలుచని గుడ్డ చుట్టిన చిన్న అయస్కాంతము చేత నుంచుకొన్నను మేలే. ఉక్కురేకుమీద అది యతుకుకొనని చోట పుట్టీ దట్టముగా నున్నదని యనుమానింపవచ్చును.

రెండవది వరదకారు. 2015 డిసెంబరులో చెన్నపట్టణమునను, 2021 నవంబరులో నెల్లూరు ప్రాంతమునను వరదలు వచ్చినవి. 2023 డిసెంబరులో మిచాంగ్ తుపాను చెన్నపట్టణమును మఱల ముంచినది. నీట మునిగిన బండిని కడిగి ఆరబెట్టిన క్రొత్తదానివలె కనబడును. వైర్లలోని చెమ్మ మాత్రము నెలలకు గాని బయటపడదు. సీటుబెల్టును తుదివఱకు లాగి చూడుడు. బురదచార యున్న ఆ బండి నీట మునిగినదే. తివాచీ నెత్తి, స్పేరుచక్రము తీసి క్రింద ముక్కవాసనయు, ఒండ్రును కలవేమో చూడుడు. తాళము త్రిప్పగానే ఎయిర్‌బ్యాగు దీపము వెలిగి ఆఱవలెను. వెలుగకున్నను, ఆఱకున్నను సందేహింపవలసినదే.

ఇక యింజను. ప్రొద్దుననే, చల్లగా నున్నప్పుడు పోయి చూడవలెను. బానెట్టుమీద చేయి వేసినప్పుడు వెచ్చగా నున్నయెడల ముందే నడపి యుంచిరన్నమాట. పొగ నీలముగా నున్న నూనె కాలుచున్నదనియు, నూనె పాలుకలిసిన కాఫీరంగున నున్న అందు నీరు చేరినదనియు అర్థము. మీటరు తక్కువ కిలోమీటర్లు చూపుచుండగా పెడళ్ల రబ్బరు నునుపెక్కి యున్న, ఆ మీటరును నమ్మరాదు. టైరు ప్రక్కనుండు నాలుగంకెలలో మొదటి రెండు వారమును, చివరి రెండు సంవత్సరమును తెలుపును. 2319 అనిన 2019లో 23వ వారము. నిర్జనమైన త్రోవలో మెల్లగా నడపి బ్రేకు నొక్కినప్పుడు బండి ఒకప్రక్కకు లాగరాదు.

బండి నచ్చిన పిదప పేరుమార్పిడి. 29, 30 నంబరు ఫారములు నింపి రవాణాకార్యాలయమున దాఖలు చేయవలెను. అదే రాష్ట్రములో నైన అమ్మినవారు 14 దినములలోను, కొన్నవారు 30 దినములలోను తెలుపవలెను. చెన్నపట్టణపు బండి చవుకగా దొరికినను, అక్కడి కార్యాలయపు నిరభ్యంతరపత్రమును, ఇక్కడి పన్నును లెక్కలో వేసికొనవలెను. బీమాయును కొన్నవారి పేర మాఱవలెను. అమ్మువారికి మఱింత ముప్పు: పేరు మాఱకయే పలువురి చేతులలో పడిన యొక కారు 2009లో ప్రమాదము చేయగా, రిజిస్టరులో నెవరి పేరున్నదో వారే యజమానియనియు, నష్టపరిహారము వారిదే బాధ్యతయనియు సుప్రీంకోర్టు 2018 ఫిబ్రవరిలో తీర్పు చెప్పినది. సొమ్ము చేత పడినంత అమ్మకము ముగిసినదని తలంచు గృహస్థులు దీనిని మఱవరాదు.

కూరగాయలు కొనునప్పుడు వంకాయను త్రిప్పి త్రిప్పి చూతుము. చీర కొనునప్పుడు మడత విప్పి వెలుతురున పట్టుదుము. బిడ్డల ప్రాణములు మోయు బండి విషయమున మాత్రము మొగమాటమేల? బేరమునకు పోవునాడు మీరును వెంట పోవుడు. తివాచీ నెత్తి చూడుడు.