అమ్మమ్మ ఆవకాయ... అమ్మాయి భిన్నాలు

సగం, మూడో వంతు కలిపితే ఎంతే అనడిగితే మా అమ్మాయి రెండు బై ఐదు అని రాసింది. పైన ఒకటీ ఒకటీ రెండు, కింద రెండూ మూడూ ఐదు! సగానికి ఇంకాస్త కలిపితే సగం కన్నా తగ్గుతుందా అని పిల్లకి అనుమానమే రాలేదు. ఇది 2024 జూన్ మాట. బడి తెరిచిన వారానికే పెట్టిన పరీక్షలో ఇరవైకి నాలుగొచ్చాయి. మార్చిలో అవే లెక్కలు గబగబా చేసిన పిల్లే! కోపం ఆపుకోలేక రెండు తగిలించాను కూడా. ఆ రాత్రి అటు తిరిగి పడుకుని, "నాకు లెక్కలు రావులే అమ్మా, నీకూ రావుగా" అంది. చురుక్కుమంది. లెక్కలంటే భయపడే బి.ఏ.లో చేరానని ఇంటికొచ్చిన వాళ్ళందరికీ నవ్వుతూ చెప్పేది నేనేగా మరి!

2025లో మన బడులకి ఏప్రిల్ 24 నుంచి జూన్ 11 దాకా సెలవులు. నలభై తొమ్మిది రోజులు! దిల్‌సుఖ్‌నగర్‌లో ఉండేవాళ్ళకి కోచింగులకేం కొదవ, వీధిలోకొస్తే బోర్డులే. పక్కింటావిడ వాళ్ళ బాబుని అబాకస్‌లో చేర్పించింది. నేను రెండొందల పేజీల నోట్‌బుక్ కొని రోజుకి పది లెక్కలన్నాను. నాలుగో రోజుకి ఆ పుస్తకం కూలర్ వెనక దొరికింది.

ఇక లాభం లేదని పుస్తకం సంచీలో పడేసి, ఎల్.బి.నగర్‌లో ఉన్న మా అమ్మ దగ్గరికి తీసుకెళ్ళాను. మెట్రోలో మూడో స్టేషనే. కొత్తపేట పండ్ల మార్కెట్ 2021లో బాటసింగారం తరలిపోయిందని మామిడి సీజనొస్తే చాలు, మా అమ్మకి ఇప్పటికీ బాధే. అది చెప్పుకుంటూనే ఆవకాయ కలుపుతోంది. ఆవిడ లెక్క ఆరు గ్లాసుల ముక్కలకి గ్లాసు కారం, గ్లాసు ఆవపిండి, ముప్పావు గ్లాసు ఉప్పు. ఈసారి ముక్కలు తొమ్మిది గ్లాసులొచ్చాయి.

"ఏదీ, నువ్వు చెప్పు. కారం ఎంత వెయ్యాలి?"

"గ్లాసున్నర" అంది మా అమ్మాయి టక్కున. ఉప్పు దగ్గర ఆగిపోయింది.

"ముప్పావు వెయ్యి. అందులో సగం మళ్ళీ వెయ్యి. ఒక గ్లాసు, ఇంకో పావులో సగం అవుతుంది" అంది అమ్మ. ఆవిడ అయిదో తరగతి దాటలేదు.

పిల్ల నమ్మలేదు. తనే సంచీలోంచి నోట్‌బుక్ తీసి, మూడు బై నాలుగుని మూడు బై రెండుతో గుణించింది. తొమ్మిది బై ఎనిమిది. కాసేపు దానికేసి చూసి, "అమ్మమ్మా, ఒకటీ, ఎనిమిదో వంతు! నువ్వు చెప్పిందే!" అని గంతేసింది.

2025 ఫిబ్రవరిలో 'నేచర్' పత్రికలో ఒక పరిశోధన వచ్చింది. నోబెల్ గ్రహీతలు అభిజిత్ బెనర్జీ, ఎస్తేర్ డఫ్లో కూడా అందులో ఉన్నారు. కోల్‌కతా, ఢిల్లీ బజార్లలో సరుకులమ్మే పిల్లలు బేరం లెక్కలు నోటితోనే చెప్పేస్తారట. బడి పద్ధతిలో కాగితం మీద ఇస్తే మాత్రం తడబడ్డారట. బడికి మాత్రమే వెళ్ళే పిల్లలకేమో బజారు లెక్క కష్టమైంది. అంటే నా నోట్‌బుక్ ఒక్కటే చాలదు, అమ్మ గ్లాసు ఒక్కటే కూడా చాలదు.

ఆ వేసవంతా అదే పట్టుకున్నాం. సరూర్‌నగర్ రైతుబజార్లో ధరల బోర్డు చూసి, కిలో నలభై అయితే ముప్పావు కిలో ఎంతో తను నోటితో చెప్పాలి. ఇంటికొచ్చాక అదే లెక్క కాగితం మీద వెయ్యాలి. పావుగంట, అంతే. పక్కన నేనూ కూర్చుని వేసేదాన్ని. నాది తప్పితే తను దిద్దేది, ఎంత సంబరమో! "నాకు లెక్కలు రావు" అన్న మాట మాత్రం నేను మానేశాను. అదే అన్నిటికన్నా కష్టమైంది.

మూడో రోజు జాడీ మూత తీసి కలిపాం. ఉప్పు సరిగ్గా సరిపోయింది. నూనె చాల్లేదు. నూనె లెక్క నాది.