చూపు తెరపై, వ్రేళ్ళు మీటలపై

1888 జూలై 25వ తేదీన అమెరికాలోని సిన్సినాటి నగరమున టైపు కొట్టుటలో ఒక పందెము జరిగినది. ఒక పక్షమున న్యాయస్థాన లేఖకుడు ఫ్రాంక్ మెక్‌గరిన్, రెండవ పక్షమున లూయీ ట్రాబ్. చెప్పగా వినుచు ముప్పావు గంట, కాగితము చూచి ముప్పావు గంట కొట్టవలెను. రెండింటను మెక్‌గరినే గెలిచెను. అతడు మీటలవంక చూడకయే అన్ని వ్రేళ్ళతో కొట్టెడివాడు. ట్రాబ్ మీటలను చూచుచు కొట్టెడివాడు. యంత్రములును వేరగుటచే గెలుపంతయు పద్ధతిదే యనరాదు గాని, లోకము నేర్చుకొన్న పాఠము మాత్రము అదియే.

మేము చాల యేండ్లు రెండు చూపుడు వ్రేళ్ళతోనే నెట్టుకొని వచ్చితిమి. ఒకనాడు తల వంచుకొని ఒక పేరా ముగించి, తలయెత్తి చూడగా తెరపై ఇంగ్లీషు అక్షరముల పోగు! తెలుగునకు మార్చుట మరచితిమి. మెడనొప్పి సరేసరి.

పద్ధతి చిన్నదే. ఎడమచేతి నాలుగు వ్రేళ్ళు ఎ, ఎస్, డి, ఎఫ్ మీటలపైనను, కుడిచేతివి జె, కె, ఎల్, సెమీకోలన్‌లపైనను నిలువవలెను. ఎఫ్, జె మీటలపై చిన్న గుబ్బ లుండును; చూపుడు వ్రేళ్ళకు అవియే ఆనవాలు. ఏ వ్రేలు ఎటు పోయినను మరల తన చోటికి రావలెను. మణికట్టు వంగరాదు.

తెలుగునకు కేంద్ర ప్రభుత్వము ప్రమాణముగా నిర్ణయించిన ఇన్‌స్క్రిప్టు అమరికలో గుణింతపు గుర్తులు దాదాపు అన్నియు ఎడమచేతికి, హల్లులలో అధికభాగము కుడిచేతికి వచ్చును. షిఫ్టు నొక్కిన కకారము ఖకార మగును, తకారము థకార మగును. ‘పత్రిక’ అను మాటను చూడుడు. ప, త, పొల్లు, ర, గుడి, క — ఆరు మీటలును మధ్యవరుసలోనివే! అందు గుడియు, రకారమును ఆ గుబ్బలున్న మీటలే. అమ్మ యను చిన్నమాటకు మాత్రము షిఫ్టును, క్రిందివరుసయు కావలెను.

కష్టము వేరొకచోట నున్నది. నేర్చుకొను తొలివారములలో మా వేగము సగమునకు పడిపోయినది. తొందరపని వచ్చిన దినమున పాతదారి పట్టితిమి; మరునాడు వ్రేళ్ళు మరల తడబడినవి. కావున పని తక్కువగా నున్న మాసమున ఆరంభించుట మేలు. దినమునకు పావుగంట చాలును. చేతులపై తుండుగుడ్డ కప్పుకొని, వేగము తలపక, తప్పు లేకుండ కొట్టవలెను. ఇంటిలోనివారు నవ్వుదురు, నవ్వనిండు.

మెడనొప్పి తగ్గినది. అంకెల వరుసకు మాత్రము మేము ఇప్పటికిని దొంగచూపు చూచుచునే యున్నాము.