అనుకరణ, గణాంక నమూనాలకు ప్రోగ్రామింగు భాష ఎంపిక

సిమ్యులేషన్ లేదా అనుకరణ అనగా ఒక వ్యవస్థ ప్రవర్తనను గణిత నమూనా ద్వారా కంప్యూటరుపై నడిపించి పరిశీలించడం. అంటువ్యాధుల వ్యాప్తి, బ్యాంకులో ఖాతాదారుల వరుస, న్యూట్రాన్ల గమనం మొదలైనవాటిని ఈ విధంగా అధ్యయనం చేస్తారు. ఈ పనికి భాషను ఎంచుకునేటప్పుడు చూడవలసినవి ముఖ్యంగా రెండు: లెక్కను ఎన్నిసార్లు పునరావృతం చేయాలి, వచ్చిన ఫలితాన్ని ఎంతవరకు నమ్మవచ్చు. భాషకున్న ప్రాచుర్యం ఆ తరువాతి సంగతి.

వేగం

ఒక చతురస్రంలో యాదృచ్ఛికంగా బిందువులు ఉంచి, వాటిలో ఎన్ని పాదవృత్తంలో పడ్డాయో లెక్కించి π విలువను అంచనా వేయవచ్చు. 10,000 బిందువులతో ప్రామాణిక దోషం సుమారు 0.016 ఉంటుంది. దీనిని 0.0016కు తగ్గించాలంటే 10 లక్షల బిందువులు కావాలి. అంటే దోషం పదో వంతు కావడానికి శ్రమ 100 రెట్లు పెరుగుతుంది. అందువల్లనే 1957లో ఐ.బి.ఎమ్. సంస్థలో జాన్ బేకస్ బృందం రూపొందించిన ఫోర్ట్రాన్ నేటికీ వాతావరణ నమూనాలలో వాడుకలో ఉంది.

ఆర్, పైథాన్ భాషలలో లూపులు నెమ్మదిగా నడుస్తాయి. అయితే మొత్తం సంఖ్యల వరుసపై ఒకేసారి చేసే లెక్కలు లోపల సి, ఫోర్ట్రాన్‌లలో రాసిన భాగాల ద్వారా జరుగుతాయి కాబట్టి ఆ లోటు చాలావరకు తీరుతుంది. మార్కోవ్ శృంఖలంలో వలె ప్రతి మెట్టూ ముందు మెట్టుపై ఆధారపడినచో ఈ ఉపాయం అంతగా పనిచేయదు. 2012లో వెలువడిన జూలియా ఇటువంటి పనులకు అనువైనది.

గణాంక నమూనాలు

బెల్ ప్రయోగశాలలలో 1976లో మొదలైన ఎస్ భాష ఆధారంగా రాస్ ఇహాకా, రాబర్ట్ జెంటిల్‌మన్ న్యూజిలాండులోని ఆక్లాండ్ విశ్వవిద్యాలయంలో ఆర్‌ను రూపొందించారు. ఇది 1995 నుండి స్వేచ్ఛా సాఫ్ట్‌వేరు. ప్రతిగమన విశ్లేషణకు ఇందులో ఒక్క వాక్యం చాలు; గుణకాలతో పాటు వాటి ప్రామాణిక దోషాలు కూడా లభిస్తాయి. అదే పనిని సి భాషలో స్వయంగా రాయబూనితే తప్పులు దొర్లే అవకాశం ఎక్కువ.

యాదృచ్ఛిక సంఖ్యలు

భాషతో పాటు వచ్చే యాదృచ్ఛిక సంఖ్యల సూత్రాన్ని విద్యార్థులు తరచు పట్టించుకోరు. 1960లలో ఐ.బి.ఎమ్. కంప్యూటర్లపై విరివిగా వాడిన రాండు అనే సూత్రం ముందు సంఖ్యను 65,539తో గుణించి, 2³¹తో భాగించగా మిగిలిన శేషాన్ని తీసుకునేది. దాని సంఖ్యలను వరుసగా మూడేసి చొప్పున తీసుకొని ఘనంలో బిందువులుగా గుర్తిస్తే, అవన్నీ కేవలం 15 సమాంతర తలాలపై పడతాయి. ఈ జాతి సూత్రాలన్నిటికీ ఇటువంటి స్వభావం ఉన్నదని జార్జి మార్సాగ్లియా 1968లో చూపించాడు. రాండుతో చేసిన అనుకరణలలో ప్రోగ్రాములో ఏ తప్పూ లేకపోయినా ఫలితం తప్పు కావచ్చు.

ఆర్‌లోను, పైథాన్ రాండమ్ మాడ్యూలులోను మెర్సెన్ ట్విస్టర్ అనే మెరుగైన సూత్రం ఉంది. అయినా ఆర్‌లో ప్రతిచయనం చేసే పద్ధతిలో స్వల్ప పక్షపాతం బయటపడగా, 2019లో 3.6.0 వెర్షనులో దానిని సవరించారు. కనుక ఒకే ప్రారంభ సంఖ్య ఇచ్చినా పాత, కొత్త వెర్షన్లలో ప్రతిచయనాలు వేరుగా రావచ్చు. ఫలితాలు ప్రకటించేటప్పుడు భాష పేరుతో పాటు వెర్షనును, ప్రారంభ సంఖ్యను కూడా పేర్కొనడం ఇందుకే.