తోటలో పారేస్తున్న బలం

మూలపేట: వేసవి వచ్చిందంటే ఉద్దానం జీడితోటల్లో నేలంతా ఎర్రగా, పసుపుపచ్చగా పళ్లు రాలి కనిపిస్తాయి. కూలీలు పండు కింద వేలాడే గింజను మెలిపెట్టి తీసి బుట్టలో వేసుకుంటారు. పండును అక్కడే విసిరేస్తారు. గింజ పలాస చేరి, పప్పుగా మారి దేశమంతా వెళుతుంది. పండు మాత్రం మర్నాటికి పులిసి, ఈగలు ముసిరి మట్టిలో కలిసిపోతుంది. పశువులు కొంత తింటాయి, పిల్లలు కొంత చీకుతారు. అంతే.

మనం విసిరేసే ఆ పండులో సి విటమిన్ నారింజలో కంటె నాలుగైదు రెట్లు ఎక్కువ. ఎవరికైనా జబ్బు చేస్తే చూడబోయేవారు టెక్కలి బజారులో నారింజలు, ఆపిల్ పళ్లు కొని పట్టుకెళతారు. బలం సీసాలు, మాత్రలు కూడా కొంటారు. బలం బజారులో దొరుకుతుందని, పెరడులో దొరికేది పేదవాడి తిండి అని మనలో ఒక నమ్మకం పాతుకుపోయింది. ఆ నమ్మకం తప్పు.

తుప్పు పట్టకుండా ఆపేవి

వంకాయ కోసి వుంచితే కాసేపటికి నల్లబడుతుంది. కొడవలికి తుప్పు పడుతుంది. జీడిపప్పు డబ్బా మూత తీసి వదిలేస్తే కొన్నాళ్లకు పాత వాసన వేస్తుంది. ఇవన్నీ గాలిలోని ప్రాణవాయువు చేసే పనే. మన ఒంట్లోనూ ఇటువంటి పని నిత్యం జరుగుతూ వుంటుంది. పొగ, దీర్ఘకాలపు జబ్బులు దానిని పెంచుతాయి. ఒంట్లోని కణాలకు కలిగే ఈ నష్టాన్ని అదుపులో వుంచే పదార్థాలనే యాంటీ ఆక్సిడెంట్లు అంటారు. కోసిన అరటిపండుపై నిమ్మరసం పిండితే త్వరగా నల్లబడదు కదా, అటువంటిదే వీటి పని. సి విటమిన్, ఇ విటమిన్, పసుపుపచ్చ పళ్లలోను, ఆకుకూరల్లోను వుండే కెరోటిన్, చోళ్ల పైపొరలోని వగరు పదార్థాలు ఈ జాతివే.

ఈ సంగతి మన జిల్లాకు కొత్త కాదు. తీరగ్రామాలలో చుట్టను వెలిగించి, నిప్పు వున్న కొనను నోటిలో పెట్టుకుని అడ్డపొగ పీల్చే అలవాటు, ముఖ్యంగా ఆడవారిలో, ఎంతో కాలంగా వుంది. ఆ వేడి, ఆ పొగ నేరుగా అంగిలికి తగులుతాయి. శ్రీకాకుళం జిల్లాలో 10,169 మంది గ్రామీణుల నోళ్లను పరీక్షించిన వైద్యుల నివేదిక 1971లో ఒక బ్రిటిష్ వైద్య పత్రికలో వెలువడింది. అడ్డపొగకు, అంగిలిలో వచ్చే మచ్చలకు, పుండ్లకు వున్న సంబంధం ప్రపంచానికి తెలిసింది ఇటువంటి పరిశీలనల వల్లనే.

తరువాత హైదరాబాదులోని జాతీయ పోషకాహార సంస్థ శాస్త్రజ్ఞులు ఆంధ్ర పల్లెలలో అడ్డపొగ తాగే 298 మందిపై ఒక ప్రయోగం చేశారు. సగం మందికి ఎ విటమిన్, రైబోఫ్లేవిన్, జింక్, సెలీనియం వారానికి రెండుసార్లు చొప్పున ఏడాదిపాటు ఇచ్చారు. మిగిలినవారికి మందు లేని ఉత్త మాత్రలు ఇచ్చారు. పోషకాలు అందినవారిలో నూటికి 57 మందికి నోటి మచ్చలు పోయాయి. ఉత్త మాత్రలు తిన్నవారిలో నూటికి 8 మందికి మాత్రమే పోయాయి. ఈ ఫలితాలు 1995లో అచ్చయ్యాయి. తిండిలో ఈ పోషకాలు కరువైన ఒంటిపై పొగ దెబ్బ ఎంత గట్టిగా పడుతుందో దీనినిబట్టి గ్రహించవచ్చు.

మాత్రలు మింగితే చాలదా?

చాలదు. ఫిన్లాండ్ దేశంలో 29,133 మంది పొగ తాగే మగవారిపై ఇంకొక ప్రయోగం జరిగింది. కొందరికి బీటా కెరోటిన్ మాత్రలు ఏళ్ల తరబడి ఇచ్చారు. క్యాన్సర్ తగ్గుతుందని ఆశించారు. 1994లో ఫలితం చూస్తే, మాత్రలు తిన్నవారిలో ఊపిరితిత్తుల క్యాన్సర్ నూటికి 18 వంతులు ఎక్కువగా కనిపించింది. ఆకుకూరలో అనేక పోషకాలతో కలిసి కొద్దికొద్దిగా వచ్చే కెరోటిన్ వేరు, ఒక్కదానినే విడదీసి పెద్ద మోతాదులో మింగడం వేరు. సి విటమిన్ మాత్రలు కూడా మోతాదు మించి వాడితే ఒంట్లో ఆక్సలేటుగా మారి మూత్రపిండాలకు చేటు చేయగలవు. కిడ్నీ జబ్బుతో ఇన్నేళ్లు పోరాడుతున్న ఉద్దానం ప్రజలు ఈ మాట మరువరాదు.

చుట్ట మానకుండా ఎన్ని పళ్లు తిన్నా ప్రయోజనం తక్కువే. ముందు చుట్ట పారేయాలి. తరువాత కంచం సంగతి చూడాలి.

మన కంచంలోకి ఏవి?

మునగాకు: వంద గ్రాముల పచ్చి ఆకులో సి విటమిన్ సుమారు వంద మిల్లీగ్రాములు వుంటుంది. పెద్దవారికి రోజుకు కావలసింది 65 నుంచి 80 మిల్లీగ్రాములు. కెరోటిన్ కూడా దండిగా వుంటుంది. ఆషాఢంలో ఒకసారి తిని వూరుకోకుండా వారానికి రెండు మూడుసార్లు పప్పులోనో, వేపుడుగానో వండుకోవచ్చు.

జామ, ఉసిరి: వంద గ్రాములలో సి విటమిన్ రెండు వందల మిల్లీగ్రాములకు పైనే. అదే బరువు ఆపిల్ పండులో పది మిల్లీగ్రాములు కూడా వుండదు. ధర మాత్రం ఆపిల్‌దే ఎక్కువ.

తోటకూర, గోంగూర, పనస తొనలు, మామిడి, బొప్పాయి, నేరేడు: ఏ కాలంలో ఏవి దొరికితే అవి. రంగు రంగుల కూరలు, పళ్లు మార్చి మార్చి తినడమే ముఖ్యం. రోజుకు కూరగాయలు, పళ్లు కలిపి 400 గ్రాములకు తగ్గకూడదని ప్రపంచ ఆరోగ్య సంస్థ చెబుతోంది.

చోడి అంబలి: తెల్లగా మరపట్టిన బియ్యంలో పైపొర పోతుంది. చోడిపిండిలో పైపొర వుంటుంది. పొద్దున్నే అంబలి తాగి పొలానికి వెళ్లిన పెద్దలు తెలివితక్కువవారు కారు.

ఇక జీడిపండు. వగరుగా వుండి గొంతు పట్టుకుంటుందని చాలామంది ముట్టరు. వగరు తీయడం కష్టం కాదు. ఆ రోజు కోసిన, పగలని పళ్లను గింజ తీసి, బాగా కడిగి రసం పిండాలి. అందులో చల్లారిన చిక్కటి గంజి కలిపి కదపకుండా వుంచితే వగరు గంజితోపాటు అడుగుకు దిగుతుంది. పై తేటను వడగట్టి వెంటనే తాగాలి. పచ్చి గింజ డొక్కలోని జీడి పెదవులకు, చేతులకు తగిలితే బొబ్బలెక్కుతుంది. కనుక గింజ తీసే పని పిల్లలకు అప్పగించరాదు.

వండడంలోనూ మెలకువ వుంది. ఆకుకూరను కోశాక కడిగితే సి విటమిన్ నీటితో పోతుంది. ముందు కడిగి తరువాత కోయాలి. మూత పెట్టి కొద్దిసేపే ఉడికించాలి. ఒక చెంచా నూనె తగిలితేనే కెరోటిన్ ఒంటికి బాగా పడుతుంది.

కిడ్నీ రోగులకు ఇది వర్తించదు

పైన చెప్పినదంతా కిడ్నీలు బాగున్నవారికే. ఉద్దానంలో ఈ హెచ్చరిక లేకుండా తిండి గురించి రాయడం ప్రమాదం. మూత్రపిండాలు దెబ్బతిన్నవారి ఒంట్లో పొటాషియం బయటకు పోక నిలిచిపోతుంది. అది మితిమీరితే గుండె ఆగిపోయే ప్రమాదం వుంది. మునగాకు, కొబ్బరినీళ్లు, అరటిపండు, జీడిపప్పు వీటన్నిటిలోనూ పొటాషియం వుంది. ఆరోగ్యవంతునికి మేలు చేసే కొబ్బరి బొండమే కిడ్నీ రోగికి కీడు చేయవచ్చు. రక్తపరీక్ష చూసి వైద్యుడు చెప్పిన మేరకే తినాలి. పలాసలో 200 పడకల కిడ్నీ ఆసుపత్రి, పరిశోధన కేంద్రం 2023 డిసెంబరు 14న ప్రారంభమైంది. అక్కడికి వెళ్లే రోగులు మందులతోపాటు ఏమి తినాలో, ఎంత తినాలో కూడా తప్పక అడిగి రాయించుకోవాలి. ఇంట్లో ఒకే కుండ కూర అందరికీ వడ్డించే అలవాటు వున్నచోట వండే ఇల్లాలికి ఈ సంగతి ముందుగా తెలియాలి.

పెరడు పోతే?

మూలపేట ఓడరేవు పనులకు 2023 ఏప్రిల్ 19న శంకుస్థాపన జరిగింది. ఇళ్లు వదలవలసిన మూలపేట, విష్ణుచక్రం కుటుంబాలకు నౌపడ వద్ద పునరావాసం చూపారు. ఇంటికి పరిహారం లెక్క కట్టారు. పెరట్లో మునగచెట్టు ఇచ్చే రోజువారీ కూరను మాత్రం ఏ లెక్కలో వేస్తారు? చెట్టు నిలదొక్కుకోవడానికి ఎంత కాలం పడుతుందో ఉద్దానానికి ఎవరూ చెప్పనక్కర లేదు. 2018 అక్టోబరు 11న తిత్లీ తుపాను ఒక్క రాత్రిలో కూల్చిన కొబ్బరి, జీడి, పనస చెట్లకు బదులు నాటిన మొక్కలు కాపుకు రావడానికి ఏళ్లు పట్టింది.

అయితే మునగకు అంత కాలం అక్కర లేదు. ఒక కొమ్మ నరికి పాతితే చాలు, కొద్ది నెలలలోనే ఆకు కోసుకోవచ్చు. కొత్త ఇంటికి సామాను మోసుకెళ్లేవారు పాత పెరటి మునగకొమ్మ ఒకటి కూడా వెంట తీసుకెళ్లాలి. చోటు వుంటే పక్కనే ఒక జామ మొక్క నాటాలి. గోడ పక్కన నాలుగు మూరల చోటు చాలు. ఆ చెట్టు ఎదిగితే బలం సీసాల కోసం టెక్కలి బజారుకు వెళ్లవలసిన అవసరం చాలా ఇళ్లకు వుండదు.