పొక్కుల కోసం ఎదురుచూడొద్దు

ఆరోగ్యంగా ఉన్న పిల్లలకు ఆటలమ్మ పోస్తే మామూలుగా వారం పది రోజుల్లో తగ్గిపోతుంది. రక్త క్యాన్సర్‌కు కీమోథెరపీ తీసుకుంటున్న పిల్లల్లో మాత్రం అదే వైరస్ ఊపిరితిత్తులకు, కాలేయానికి, మెదడుకు పాకి ప్రాణాల మీదకు తేగలదు. వైరస్ సోకిన కణాలను వెతికి చంపేవి లింఫోసైట్లు. క్యాన్సర్ కణాలతో పాటు వీటినీ కీమో మందులు దెబ్బతీస్తాయి.

జపాన్ శాస్త్రవేత్త మిచియాకి తకహాషి 1974లో ఆటలమ్మ టీకాను లోకానికి అందించారు. అందులో ఉండేది బలహీనపరిచిన సజీవ వైరస్. అందుకే కీమో నడుస్తుండగా దాన్ని వేయరు. బిడ్డకు వేయలేని టీకాను చుట్టూ ఉన్నవాళ్లకు వేయాలి. తోబుట్టువులకు ఆటలమ్మ, తట్టు టీకాలు, ఇంటిల్లిపాదికీ ఏటా ఫ్లూ టీకా తప్పనిసరి. పోలియో చుక్కలు మాత్రం ఆ ఇంట్లో ఎవరికీ వద్దు. చుక్కల్లోని సజీవ వైరస్ మలంలో బయటికొచ్చి జబ్బు బిడ్డకు సోకవచ్చు. తోబుట్టువులకు పోలియో ఇంజెక్షన్ వేయించాలి. పల్స్ పోలియో రోజున ఇంటికొచ్చే కార్యకర్తకు ఈ సంగతి చెప్పాలి.

ఆటలమ్మ గాలి ద్వారా కూడా సోకుతుంది. పొక్కులు కనిపించడానికి ఒకటి రెండు రోజుల ముందే అంటుకోవడం మొదలవుతుంది. అదే వైరస్ వల్ల అక్కి (షింగిల్స్) వచ్చినవాళ్ల పొక్కుల నుంచీ సోకుతుంది. జబ్బు బిడ్డ అలాంటివారి దగ్గర ఉన్నట్టు తెలిస్తే ఆ రోజే డాక్టరుకు ఫోన్ చేయాలి. సిద్ధంగా ఉన్న యాంటీబాడీల ఇంజెక్షన్‌ను వీలైనంత త్వరగా, 4 రోజుల్లోపు ఇస్తే మంచిది. 10 రోజుల దాకా ఇవ్వవచ్చు. అది దొరక్కపోతే డాక్టర్లు ఎసైక్లోవిర్ మందు ఇస్తారు. ఒక్క పొక్కు కనిపించినా అదే రోజు ఆసుపత్రిలో చేర్చి ఆ మందును నరంలోకి ఎక్కించాలి.

క్యాన్సర్ చికిత్సలో భాగంగా మూలకణ మార్పిడి జరిగిన పిల్లలకు మరో ప్రమాదం ఒంట్లోనే ఉంటుంది. ఎప్పుడో సోకి నిద్రాణంగా ఉన్న సైటోమెగలో వైరస్ తిరిగి లేస్తుంది. అందుకే మొదటి 100 రోజులూ సాధారణంగా వారం వారం పీసీఆర్ పరీక్ష చేస్తారు. రక్తంలో వైరస్ పెరుగుతుంటే జబ్బు లక్షణాలు రాకముందే గాన్సిక్లోవిర్ మందు మొదలుపెడతారు. మార్పిడి తర్వాత పాత టీకాల రక్షణ చాలావరకు పోతుంది కాబట్టి టీకాలన్నీ మళ్లీ వేయాలి. వాటిలో సజీవ టీకాలకు కనీసం రెండేళ్లు ఆగాలి.

మిగతా తల్లిదండ్రులకు ఒక విన్నపం. మీ బిడ్డకు ఆటలమ్మ పోస్తే బడికి ఆ రోజే చెప్పండి. ఆ తరగతిలో కీమో తీసుకుంటున్న బిడ్డ ఉంటే, ఆ 4 రోజుల గడువు వృథా కాకుండా కాపాడేది మీరు చెప్పే ఆ మాటే.